ఏం దాచాలి, ఏం చూపాలి? సినిమా తొలి సన్నివేశంపై మీ ప్రశ్నలు

సినిమా మొదలైన రెండు మూడు నిమిషాల్లోనే ఉత్కంఠ ఎలా పుడుతుందని అడుగుతూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నవాళ్లు రాసినవి కొన్ని, సినిమాలు ఇష్టంగా చూసేవాళ్లు రాసినవి కొన్ని. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మిస్టరీ, సస్పెన్స్ ఒకటేనా? సమీక్షల్లో రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తున్నారు. సినిమా మొదట్లో ఉండాల్సింది ఏది?

జవాబు: రెండూ వేరు. పాత్రకి ఎంత తెలుసు, చూసేవాడికి ఎంత తెలుసు అన్న లెక్క దగ్గరే తేడా అంతా ఉంది. పాత్రకి తెలిసింది మనకి తెలియకపోతే మిస్టరీ. మనకి తెలిసింది పాత్రకి తెలియకపోతే సస్పెన్స్. ఇద్దరికీ ఒకే క్షణంలో తెలిస్తే ఉలిక్కిపడతాం, అంతటితో సరి. ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ, సస్పెన్స్ సినిమాలకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు అక్కడుందని ముందే చూపించి, ఆ తర్వాత అవే కబుర్లు వినిపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ.

ఇక ఏది ఉండాలన్న ప్రశ్న. రెండింటికీ చోటు ఉంది, కానీ వాటి పనులు వేరు. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి షాట్ ఈ కోణంలోంచి ఒకసారి చూడండి. ఒక చెయ్యి టైమర్ తిప్పుతుంది. ఆ మనిషి పరుగున వెళ్లి కారు డిక్కీలో బాంబు పెట్టి మాయమవుతాడు. ఏమీ తెలియని జంట ఒకటి వచ్చి ఆ కారెక్కుతుంది. అక్కణ్ణుంచి ఎక్కడా కట్ లేకుండా, మొత్తం మీద 3 నిమిషాల 20 సెకన్ల దాకా కెమెరా వీధులు దాటుతూ సరిహద్దు చెక్‌పోస్టు వరకూ పోతుంది. మధ్యలో కారుని వదిలేసి, నడిచివెళ్తున్న కొత్త దంపతుల వెంట పడుతుంది. కారు ఫ్రేమ్‌లోంచి పోతుంది, మళ్లీ వస్తుంది, వాళ్ల పక్కనే ఆగుతుంది. కారు కనపడుతున్నప్పటికంటే కనపడకుండా పోయినప్పుడే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కారులో ఉన్నావిడ తన తలలో ఏదో టిక్ టిక్ మంటోందని అంటే ఎవరూ పట్టించుకోరు. మనకి మాత్రం అదేమిటో తెలుసు.

అది సస్పెన్స్. మరి బాంబు పెట్టింది ఎవరు? అది మిస్టరీ. సస్పెన్స్ ఆ మూడు నిమిషాలనీ నడిపింది, మిస్టరీ తర్వాతి కథకి దారి తీసింది. మీ కథలో కూడా తొలి సన్నివేశాన్ని ఏది నడుపుతోంది, అది అయిపోయాక మనసులో మిగిలే ప్రశ్న ఏది అని విడివిడిగా చూసుకోండి. రెండోది లేకపోతే సన్నివేశం ఎంత బాగా వచ్చినా అక్కడికక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాం. మొదటి సన్నివేశం ఎంతసేపు ఉండాలి? విషయం ఏమీ చెప్పకుండా దాచిపెడితే ఉత్కంఠ దానంతటదే వస్తుందా?

జవాబు: రాదు. మీరు తన దగ్గర ఏదో దాస్తున్నారని చూసేవాడికి తెలిస్తేనే ఆరా మొదలవుతుంది. అలా తెలియాలంటే మిగతాదంతా స్పష్టంగా కనపడాలి.

పది నిమిషాల సినిమాకి 40 సెకన్ల నుంచి నిమిషం పైచిలుకు వరకూ సరిపోతుంది. రెండు గంటల సినిమాలో మూడు నుంచి ఆరు నిమిషాలు సాగవచ్చు. ఇదేం శాసనం కాదు గానీ, షార్ట్ ఫిల్మ్‌లో రెండు నిమిషాలు దాటితే కథకి చోటు మిగలదు.

రాసే ముందు ఒక కాగితం మీద ఐదు మాటలు వేసుకోండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు, ఎందుకు. నాలుగింటికి తెర మీద జవాబు ఉండాలి. ఒక్కటే దాచాలి. రెండు దాస్తే చూసేవాడి మీద భారం పెరుగుతుంది, అయినా పట్టుకోగలడు. మూడు దాచారంటే వదిలేస్తాడు. తర్వాత చూసేవాడి మనసులో పుట్టాల్సిన ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. "ఏదో జరుగుతోంది" అనేది ప్రశ్న కాదు. "ఆ కప్పులో టీ తాగింది ఎవరు?" అనేది ప్రశ్న.

ఆ కప్పునే తీసుకుని ఒక సన్నివేశం కట్టి చూద్దాం. రాత్రివేళ ఒకావిడ ఇంటికొస్తుంది. మొదటి షాట్: ఖాళీ చెప్పుల స్టాండు, దాని మీద ఆవిడ తన జత ఒక్కటే పెడుతుంది, తాళం తీస్తుంది, 6 సెకన్లు. రెండోది: హాలు మొత్తం కనపడేలా వైడ్, ఆవిడ లైటు వేస్తుంది, 6 సెకన్లు. మూడోది: ఆవిడ ముఖం, బల్ల వైపు చూసి ఆగుతుంది, 3 సెకన్లు. నాలుగోది: బల్ల. మూడు కుర్చీల నిండా మడతపెట్టని బట్టలు, పాత పేపర్లు. నాలుగో కుర్చీ వెనక్కి లాగి ఉంది. దాని ముందు సగం తాగిన కప్పు, అందులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది, 4 సెకన్లు. ఐదోది: మళ్లీ ముఖం. ఏ మార్పూ లేదు, 5 సెకన్లు. ఆరోది: సింకు దగ్గర కప్పు కడుగుతున్న చేతులు, 8 సెకన్లు. ఏడోది: వైడ్‌లో కప్పు అల్మరాలో పెట్టి లైటు ఆర్పేస్తుంది, 7 సెకన్లు. మొత్తం 39 సెకన్లు, ఒక్క డైలాగ్ లేదు.

ఒంటరిగా ఉంటోందని చెప్పుల స్టాండు చెప్పింది, బట్టలు పడి ఉన్న కుర్చీలు చెప్పాయి. ఎవరో ఇప్పుడిప్పుడే వచ్చి వెళ్లారని ఆవిరి చెప్పింది. ఆవిరి లేకపోతే అది పొద్దున ఆవిడే తాగి వదిలేసిన కప్పు అనుకుంటారు, సన్నివేశం మొత్తం పడిపోతుంది. నాలుగో షాట్ దగ్గర "ఎవరు తాగారు?" అని పుట్టిన ప్రశ్న ఐదో షాట్‌లో "ఈవిడకి ఎందుకు ఆశ్చర్యం వేయలేదు?" అని మారుతుంది. రెండో ప్రశ్న మొదటిదానికంటే ఎంతో లోతైనది.

ఇక్కడ చెడిపోయేది ఎక్కువగా ఐదో షాటే. నటికి "మిస్టీరియస్‌గా చూడండి" అని చెబితే కనుబొమలు ఎగరేస్తుంది, గుటక మింగుతుంది. ఆ మాట చెప్పకండి. "ఇంకా సబ్బు ఉందో లేదో గుర్తు చేసుకోండి" అని ఒక మామూలు పని ఇవ్వండి. ముఖం మీద ఏమీ రాసి లేనప్పుడే చూసేవాడు తన భయాన్ని అక్కడ రాసుకుంటాడు.

ప్రశ్న: ఓపెనింగ్ గూఢంగా ఉండాలని లైట్లు బాగా తగ్గించి తీశాం. చూసినవాళ్లంతా "ఏమీ కనపడలేదు, అర్థం కాలేదు" అంటున్నారు. తప్పు ఎక్కడ?

జవాబు: చీకటి కనపడాలన్నా వెలుతురు కావాలి. ఫ్రేమ్‌లో ఒక్కచోటైనా మెరుపు ఉంటేనే కన్ను మిగతాది ఎంత చీకటో కొలుచుకుంటుంది. అదీ లేకపోతే తెర బూడిదరంగు ముద్దలా ఉంటుంది, చూసేవాడు టీవీ బ్రైట్‌నెస్ పెంచుకునే పనిలో పడతాడు.

ఒక టేబుల్ లైటో, కిటికీయో, సగం తెరిచిన తలుపులోంచి వచ్చే వెలుగో ఫ్రేమ్‌లోకి తెచ్చుకోండి. అది కాస్త ఎక్కువగా వెలిగినా ఫర్వాలేదు. మనిషికి వెనక నుంచో పక్క నుంచో సన్నటి అంచు వెలుగు ఇవ్వండి, ఆకారం గోడ నుంచి విడిపోతుంది. ముఖాన్ని మామూలు ఎక్స్‌పోజర్ కంటే ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గించవచ్చు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). వెనక గోడ మూడు స్టాపుల దాకా తగ్గవచ్చు. ఈ తేడాలు సెట్‌లో లైట్లతోనే రావాలి. లైట్లు పెట్టకుండా కెమెరా ఐఎస్‌ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) పెంచి తీసి, తర్వాత గ్రేడింగ్‌లో, అంటే రంగులు, వెలుగు సరిచేసేటప్పుడు, లేపితే నీడల్లో రవ్వలు రవ్వలుగా గ్రెయిన్ వస్తుంది. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసినప్పుడు ఆ చోట్లే గళ్లుగళ్లుగా విరిగిపోతాయి కూడా.

పై సన్నివేశంలో కప్పు మీది ఆవిరిదీ ఇదే సూత్రం. ముందు నుంచి లైటు కొడితే ఆవిరి కనపడదు. వెనక గోడ చీకటిగా ఉండి, లైటు కప్పు వెనక నుంచి, కాస్త పక్కగా రావాలి. వేడినీళ్లు పోసిన నిమిషంలోపే షాట్ తీసెయ్యండి.

కంటికి ఉన్నదల్లా కెమెరాకి కనపడదు. 1950లో 'రషోమాన్' తీసేటప్పుడు జపాన్ దర్శకుడు కురొసావాకి ఎదురైన చిక్కు ఇదే. శిథిలమైన ద్వారం దగ్గర కుండపోత వానతో ఆ సినిమా మొదలవుతుంది. కెమెరా పైకెత్తితే మబ్బుపట్టిన ఆకాశం ముందు వానధారలు తేలలేదు. అందుకని నీళ్లలో నల్ల సిరా కలిపి కురిపించారు.

ఇంకో మాట. అర్థం కాకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. "ఆవిడ కప్పు ఎందుకు కడిగిందో తెలియలేదు" అంటే మీరు గెలిచినట్టు. "అది కప్పో గిన్నో అర్థం కాలేదు" అంటే మళ్లీ తీయాల్సిందే. షూటింగ్ రోజునే ఆ షాట్‌ని ఫోన్‌లో, పగటి వెలుతుర్లో ఒకసారి చూసుకోండి. ముఖ్యమైన వస్తువు పోల్చుకోలేకపోతే అర స్టాపు పెంచి మళ్లీ తీయండి.

ప్రశ్న: బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎక్కడ మొదలుపెట్టాలి? నిశ్శబ్దం బాగుంటుందని పెడితే, సౌండ్ పోయిందేమో అనుకున్నారు.

జవాబు: ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో సౌండ్ ట్రాక్ పూర్తిగా ఖాళీగా వదిలేసి ఉంటారు. నిజమైన గదిలో పూర్తి నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు, ఆ సంగతి చెవికి తెలుసు. షూటింగ్ జరిగిన ప్రతి గదిలోనూ యూనిట్ మొత్తాన్నీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్ల నుంచి నిమిషం దాకా రూమ్ టోన్, అంటే ఆ ఖాళీ గది సొంత చప్పుడు, రికార్డు చేసుకోండి. నిశ్శబ్దం కావాల్సిన చోట అది పరచండి. ఫ్రిజ్ ఉంటే ఆపేసి, బండి తాళాలు అందులోనే పెట్టమని సౌండ్ రికార్డిస్టులు చెబుతుంటారు. ఇంటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం వెతుకుతారు, ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

నిశ్శబ్దం బరువుగా తగలాలంటే ముందు ఒక శబ్దాన్ని అలవాటు చెయ్యాలి. ఫ్యాన్ చప్పుడు, కీచురాళ్లు, గడియారం, ఏదో ఒకటి కనీసం 15, 20 సెకన్లు వినిపించి అప్పుడు తీసెయ్యండి. కరెంటు పోవడం లాంటి కారణం తెర మీద ఉంటే టక్కున ఆపండి. కారణం లేకపోతే రెండు మూడు సెకన్లలో మెల్లగా దించండి. ఏం తగ్గిందో చూసేవాడు చెప్పలేడు గానీ ఒళ్లు మాత్రం బిగుసుకుంటుంది.

మ్యూజిక్ విషయంలో అందరూ చేసే తప్పు, ఆధారం కనపడే షాట్ మీదే దాన్ని మొదలుపెట్టడం. కప్పు కనపడగానే వయొలిన్లు లేస్తే "ఇదిగో, ఇప్పుడు భయపడండి" అని చెప్పినట్టే. చూసేవాడు తనంతట తాను కనిపెట్టిన ఆనందం పోతుంది. ఒక షాటో రెండు షాట్లో ఆగండి. మన సన్నివేశంలో అయితే ఆరో షాట్‌లో, నీళ్ల చప్పుడు కింద నుంచి మెల్లగా రావచ్చు. అసలు లేకపోయినా నష్టం లేదు.

1975 నాటి 'జాస్' తొలి సన్నివేశంలో సొరచేప ఎక్కడా కనపడదు. నీటి అడుగు నుంచి పైన ఈదుతున్న అమ్మాయి వైపు చూపు, జాన్ విలియమ్స్ ఇచ్చిన రెండు స్వరాల వరస, అంతే. ఆ వరస వినపడితే సొరచేప ఉన్నట్టు. అదే సినిమాలో తర్వాత ఇద్దరు కుర్రాళ్లు అట్టతో చేసిన రెక్క కట్టుకుని జనాన్ని భయపెట్టే చోట ఆ స్వరాలు వినిపించవు. మొదట్లో చేసిన ఒప్పందానికి సంగీతం కట్టుబడి ఉంది కాబట్టే ఆ స్వరాలు వినపడ్డ ప్రతిసారీ నమ్మి భయపడతాం. మీ ఓపెనింగ్‌లో ఒక శబ్దాన్ని ఒక ప్రమాదానికి ముడిపెడితే, ఉత్తినే భయపెట్టడానికి దాన్ని మళ్లీ వాడకండి.

ఫోన్‌లో చూసేవాళ్ల కోసం ఒక జాగ్రత్త. చిన్న స్పీకర్లలో 150 హెర్ట్జ్ కంటే కిందున్న శబ్దాలు దాదాపు వినపడవు. గుమ్మనే లోతైన రొద మీదే ఉత్కంఠ అంతా కట్టుకుంటే ఫోన్‌లో ఏమీ మిగలదు. దాని మీద గోకుడో, ఊపిరో, లోహం రాసుకున్న శబ్దమో ఒక పొర వెయ్యండి.

ప్రశ్న: హంతకుడి ముఖం చూపకుండా గ్లవ్స్, బూట్లు చూపించడం బాగా పాతబడింది కదా. వేరే దారి ఏముంది?

జవాబు: పాతబడింది నిజమే. ముఖం తప్పించడానికి కెమెరా పడుతున్న అవస్థ కనపడిపోవడం దానిలోని అసలు లోపం. దర్శకుడి చెయ్యి అడ్డుపెట్టి దాస్తున్నట్టు ఉంటుంది. దాచడానికి కథలోనే కారణం ఉండాలి.

ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎం' ఈ విషయంలో ఇప్పటికీ పాఠమే. బడి నుంచి రావాల్సిన పాప కోసం తల్లి భోజనం బల్ల సిద్ధం చేస్తుంటుంది. పాప బంతి కొట్టుకుంటూ వెళ్లి ఒక స్తంభం దగ్గర ఆగుతుంది. హంతకుణ్ణి పట్టిచ్చినవాళ్లకి బహుమానం ఇస్తామన్న ప్రకటన ఆ స్తంభం మీదే ఉంది. దాని మీద ఒక మనిషి నీడ పడుతుంది. అతను బుడగ కొనిపెడుతూ ఈల వేస్తాడు. తర్వాత ఖాళీ మెట్లు, ఎవరూ లేని అటక, ఎదురుచూస్తున్న కంచం, వాటి మీదుగా తల్లి పిలుపు. పొదల్లోంచి బంతి దొర్లి ఆగుతుంది. తంతి తీగల్లో చిక్కుకున్న బుడగ గాలికి ఎగిరిపోతుంది. హత్య చూపలేదు, ముఖం చూపలేదు. అయినా దాచినట్టు అనిపించదు, ఎందుకంటే మనం తల్లి పక్కన ఉన్నాం, ఆవిడకి తెలిసే వీలు లేదు. నేరం వదిలి, నేరం మిగిల్చిన ఖాళీని చూపించాడు.

రెండో దారి హంతకుడి కళ్లతోనే చూపించడం. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' అలాగే మొదలవుతుంది. ఇంటి చుట్టూ తిరిగి, వంటింట్లో కత్తి తీసుకుని, మెట్లెక్కి, ముసుగు తొడుక్కున్నాక రెండు కంతల్లోంచి చూసి చంపుతాం. బయటికొచ్చాక ముసుగు లాగితే అక్కడ ఆరేళ్ల పిల్లాడు. చూపు ఎవరిదో వాళ్ల ముఖం కనపడదు, అది సహజం. కానీ ఈ పద్ధతికి ఒక నియమం ఉంది. పొదల చాటు నుంచి చూస్తున్నట్టు షాట్ పెట్టారంటే అక్కడ ఎవరో ఉన్నారని మాటిచ్చినట్టే. తర్వాత ఎవరూ లేరని తేలితే మోసం. కెమెరా ఎత్తు కూడా మనిషి కంటి ఎత్తులోనే ఉంచండి. ఐదున్నర అడుగుల మనిషికి అది సుమారు ఐదు అడుగులు. ఒక షాట్‌లో నడుం దగ్గర, మరో షాట్‌లో తల పైన ఉంటే అది మనిషి చూపు అన్న నమ్మకం పోతుంది.

ప్రశ్న: క్లైమాక్స్‌లోని రక్తపాతం ముందు చూపించి "మూడు రోజుల క్రితం" అని కార్డు వెయ్యడం మంచిదేనా?

జవాబు: చాలాసార్లు అది మరమ్మతు పని. అసలు మొదలు నీరసంగా ఉందని చివరి సన్నివేశంలోంచి ఒక ముక్క కోసి ముందు అతికిస్తారు. ఆ ముక్క తీసేసి సినిమా చూడండి. రెండో సన్నివేశం నిలబడలేకపోతే బాగుచేయాల్సింది దాన్ని.

ఫలితం ముందే చెప్పినా "ఎలా జరిగింది?" అన్న ప్రశ్న బలంగా ఉంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. బిల్లీ వైల్డర్ 'సన్‌సెట్ బూలెవార్డ్' (1950) ఈతకొలనులో తేలుతున్న శవంతో మొదలవుతుంది, కథ చెప్పేది ఆ చచ్చిన మనిషే. కానీ మొదట తీసింది అది కాదు. శవాగారంలో శవాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేట్టు తీశారు. ప్రివ్యూలో జనం నవ్వారు. నవ్వడంతో ఓపెనింగ్ మొదలైతే తర్వాత వచ్చే విషాదం నిలబడదు కాబట్టి వైల్డర్ దాన్ని పూర్తిగా తీసేశాడు. నీటి అడుగు నుంచి చూస్తున్నట్టుండే శవం షాట్‌ని కొలను అడుగున అద్దం పెట్టి, అందులోని ప్రతిబింబాన్ని పైనుంచి తీశారు.

మీరు ఈ పద్ధతి వాడితే, కథ తిరిగి అక్కడికి వచ్చినప్పుడు అర్థం మారాలి. మొదటిసారి చేతికి రక్తం చూసి హంతకుడు అనుకున్నవాణ్ణి రెండోసారి గాయాన్ని అదిమిపెడుతున్నవాడిగా గుర్తుపట్టాలి. అవే షాట్లు మళ్లీ వెయ్యకండి. షూటింగ్ రోజే రెండో వైపు నుంచి కూడా తీసుకోండి. మొదట 40 సెకన్లు ఉన్నది రెండోసారి 12, 15 సెకన్లకి కుదించండి. బట్టల మీది మరక, గడియారం ముళ్లు ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఈ సన్నివేశాన్ని జనం పోల్చి చూస్తారు.

ప్రశ్న: టైటిల్స్ ఓపెనింగ్ సీన్ మీదే వెయ్యొచ్చా?

జవాబు: అక్షరం కనపడితే కన్ను చదవకుండా ఉండలేదు. ఆధారాలున్న షాట్ల మీద వద్దు. పైన చెప్పిన 'టచ్ ఆఫ్ ఈవిల్' షాట్ మీద 1958లో స్టూడియో టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పెట్టింది. వెల్స్ 58 పేజీల లేఖ రాసి చాలా మార్పులు అడిగాడు. ఆ లేఖ ఆధారంగా 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసినప్పుడు టైటిల్స్ తీసేసి, వీధిలోని క్లబ్బుల నుంచి, కారు రేడియో నుంచి వచ్చే పాటలు ఒకదాని మీద ఒకటి వినపడేలా చేశాడు. రెండు ప్రతులూ పక్కపక్కన చూడండి, రెండోదాంట్లో కారు మీంచి కళ్లు తిప్పలేం.

ప్రశ్న: మా ఓపెనింగ్ పనిచేస్తోందో లేదో మాకే తెలియడం లేదు. వందసార్లు చూసేశాం. ఎలా పరీక్షించాలి?

జవాబు: కథ తెలియనివాళ్లని ఐదారుగుర్ని పిలవండి. ఒక్కొక్కరికి విడిగా చూపించండి. గుంపుగా కూర్చోబెడితే ముందు మాట్లాడినవాడి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. ముందుగా ఏమీ వివరించవద్దు. ఓపెనింగ్ అవ్వగానే ఆపి మూడే అడగండి: ఇప్పుడు ఏం చూశారు? ఏం తెలుసుకోవాలనిపిస్తోంది? ఏం జరగబోతోందనుకుంటున్నారు? "బాగుందా?" అని మాత్రం అడగవద్దు. మర్యాదకి బాగుందంటారు, దాంతో మీకు ఉపయోగం లేదు.

మొదటి ప్రశ్నకి తలా ఒక జవాబు వస్తే స్పష్టత లేదన్నమాట. ఎవరు, ఎక్కడ అన్నవాటిని సరిచేయండి. మొదటిదానికి అందరూ ఒకటే చెప్పి, రెండోదానికి తలా ఒకటి చెబితే ఆధారాలు ఎక్కువయ్యాయి. ఒకటి తీసెయ్యండి. మూడోదానికి అందరూ సరిగ్గా ఊహించేస్తే దాచింది చాలలేదు. "ఏమో" అంటే ఊహించడానికి కావాల్సింది మీరు ఇవ్వలేదు. అందరూ ఒకటే ఊహించి, అది తప్పయిందా? అంతకంటే మంచి ఫలితం ఉండదు. మలుపు పెట్టాల్సిన చోటు వాళ్లే చూపించారు.

వాళ్లు చూస్తుంటే మీరు తెర వైపు చూడకండి, వాళ్లని చూడండి. చెయ్యి ఫోన్ వైపు పోయిన క్షణం, ఒళ్లు సర్దుకున్న క్షణం టైమ్‌తో సహా రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట కదిలితే ఆ షాట్ పొడవెక్కువ. ముఖ్యమైన వస్తువు ఎవరూ గమనించకపోతే షాట్‌ని 12 ఫ్రేములు, అంటే అర సెకను పెంచి చూడండి. లేదా దానికి ముందు పాత్ర అటు చూసే షాట్ పెట్టండి. చూపు ఎటు పోతే మన చూపూ అటే పోతుంది. ఉత్తరమో మెసేజో చూపిస్తే, మీరు నింపాదిగా రెండుసార్లు చదువుకోగలిగినంతసేపు ఉంచండి.

ఒకసారి చూసినవాళ్లు రెండోసారి పరీక్షకి పనికిరారు. అందుకే ఇద్దరు ముగ్గుర్ని మార్చిన ఎడిట్ కోసం మిగుల్చుకోండి.

ప్రశ్న: కొన్ని సినిమాలు మొదట్లో అదరగొట్టి, పావుగంటకే చప్పబడిపోతాయి. ఎందుకలా? తొలి సన్నివేశంలో పుట్టిన ప్రశ్నకి జవాబు ఎప్పుడు చెప్పాలి?

జవాబు: రెండు కారణాలు కనపడతాయి. ఒకటి, ఓపెనింగ్ తర్వాత కథ కొత్త మనుషులతో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, ఆ ప్రశ్న ఊసే ఉండదు. చూసేవాడు ఒక ప్రశ్నని కొంతసేపే మోయగలడు. మధ్యమధ్య గుర్తుచేసే వస్తువో, మాటో, శబ్దమో తగలాలి. రెండోది, పుట్టిన ప్రశ్నకి జవాబు చిన్నది. నాలుగు నిమిషాలు భయపెట్టి చివరికి అది కల అని తేలిస్తే, ఇక తర్వాత ఏం చెప్పినా నమ్మరు.

జవాబుని విడతలుగా ఇవ్వండి. పది నిమిషాల సినిమాలో మూడో నిమిషానికల్లా ఒక ముక్క తెలియాలి, ఆ ముక్కతో ప్రశ్న ఇంకా పెద్దదవ్వాలి. మన కథలో మూడో నిమిషంలో ఆవిడ పొద్దున్నే లేచి, తనే టీ పెట్టి, ఆ కుర్చీ ముందు బల్ల మీద ఉంచి, తాళం వేసి వెళ్లిపోతుందనుకోండి. టీ ఎవరో వచ్చి పెట్టుకున్నది కాదని తెలిసింది. కానీ పొద్దున పెట్టిన టీ రాత్రికి వేడిగా ఎలా ఉంది? అందులో సగం ఎవరు తాగారు? ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?

చివర్లో ఆ కప్పు మళ్లీ కనపడేటప్పుడు దాని మీద ఆవిరి ఉండాలా, చల్లారిపోయి ఉండాలా అన్నదే మీ కథ ముగింపు. ఎడిటింగ్‌లో మనసు మారే అవకాశం ఉంటుంది కాబట్టి, బల్ల, లైటు కదపకముందే నాలుగో షాట్‌ని రెండు రకాలుగా తీసి పెట్టుకోండి.